ఏ నెల నుంచి ఒక్కరే

మా ఆఫీసు గోడ మీద రెండేళ్లపాటు ఒక కాగితం ఉండేది. రాసింది నేను. ప్లాస్టిక్ తొడుగు వేయించి అంటించిందీ నేనే. కొత్తగా చేరిన వాళ్లకోసం అందులో తొమ్మిది నియమాలు రాశాను. మిగతావి నాకే గుర్తులేవు గానీ, ఆరోది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చావు ఉన్న రిటర్నులో ఇన్సూరెన్సు ప్రశ్నలు పంపొద్దు. పోయినేడాది ఎలా ఉంటే అలాగే ఉంచండి."

ఆఫీసు తిరుపతిలో, ఎయిర్ బైపాస్ రోడ్డులో, ఒక టిఫిన్ సెంటరు మీద రెండో అంతస్తు. అమెరికాలో ఒక ఆడిటర్ల ఆఫీసు ఉంది. అక్కడి జనం వాళ్లకు కాగితాలిస్తారు, వాళ్లు స్కాన్ చేసి మాకు పంపుతారు, మేం పన్ను రిటర్నులు తయారుచేసి తిరిగి పంపుతాం. జనవరి నుంచి ఏప్రిల్ పదిహేను దాకా ఇదే పని. పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే కింద దోసె వాసన మధ్యాహ్నందాకా పైకి వస్తూనే ఉంటుంది. అంతకుముందు పదిహేనేళ్లు నేను చిత్తూరులో ఒక ఆడిటరు దగ్గర పనిచేశాను. నలభై దాటాక అమెరికా పన్ను నేర్చుకున్నాను. ఎన్నడూ చూడని దేశంలో ఎవరికి ఎంత జీతమో, ఎవరికి కళ్లద్దాల ఖర్చు ఎంతయిందో నాకు తెలుసు. పక్కింటాయన ఏం పనిచేస్తాడో మాత్రం ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఆ దేశంలో ఆరోగ్య పొదుపు ఖాతా అని ఒకటుంది. వైద్యం ఖర్చుకోసం జీతంలోంచి కొంత ఆ ఖాతాలో వేయించుకోవచ్చు, దాని మీద పన్నుండదు. కాకపోతే ఏడాదికి ఇంతే అని హద్దుంది. ఇన్సూరెన్సు తనొక్కడికే అయితే ఒక హద్దు, కుటుంబానికంతా అయితే దానికి దాదాపు రెండింతలు. హద్దు దాటి కడితే ఆ దాటిన దాని మీద నూటికి ఆరు చొప్పున దండగ. దాన్ని తీసేసేదాకానో, సర్దేదాకానో ఏటా ఆ దండగ పడుతూనే ఉంటుంది. మన దగ్గర టమాటాలు తూచినాక రెండు ఎక్కువ వేస్తే కొసరు అంటాం, సంతోషిస్తాం. అక్కడ ఎక్కువ వేస్తే తప్పు. కొత్తవాళ్లకు నేను ఇలాగే చెప్పేవాణ్ని, వాళ్లు నవ్వేవాళ్లు.

ఒక ఏడాది ఒకాయన రిటర్ను నా దగ్గరికి వచ్చింది. స్కూలు బస్సు నడుపుతాడు. భార్య పేరు పక్కన చనిపోయిన తేదీ ఉంది, సెప్టెంబరులో. ఆయన పొదుపు ఖాతా ఫారంలో "కుటుంబం" అన్న గడిలో టిక్కు ఉంది. అంతకుముందు ఏడాది నుంచి కంప్యూటరు దానంతటదే మోసుకొచ్చిన టిక్కు అది. జీతంలోంచి పట్టినది కుటుంబం హద్దుకు సరిపోయింది. ఇంట్లో ఇంకెవరికైనా ఆ ఇన్సూరెన్సు ఉంటే ఆ టిక్కు సరైనదే. ఎవరూ లేకపోతే అక్టోబరు నుంచి హద్దు సగానికి సగం తగ్గిపోతుంది, కట్టినదాంట్లో కొంత ఎక్కువైపోతుంది. తేల్చుకోవాలంటే అమెరికా ఆఫీసు ద్వారా ఆయన్ని అడగాలి.

అడుగుదామనే టైపు చేశాను. మీ భార్య పోయాక మీ ఇన్సూరెన్సులో ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే, ఏ నెల నుంచి మీరు ఒక్కరే? టైపు చేసి చదువుకున్నాను. ఇంకా సంవత్సరీకం కూడా కాని మనిషిని పట్టుకుని, ఎప్పటినుంచి ఒంటరివి అని అడుగుతామా? చెరిపేశాను. టిక్కు ఎలా ఉందో అలాగే ఉంచి పంపేశాను. తర్వాత ఆ ఆరో నియమం రాశాను. రాసినప్పుడు నా మర్యాదకు నాకే కొంచెం గర్వంగా కూడా ఉండింది, అబద్ధమెందుకు.

ఆ గర్వం నిన్న మొన్నటిది కాదు. నాకు పదకొండేళ్లప్పుడు మా నాయన చనిపోయాడు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో ఆయన తూకం దగ్గర పనిచేసేవాడు. పోయిన ఐదో రోజు ఆ ఫ్యాక్టరీ గుమాస్తా చేతిలో ఏదో కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచాడో లేదో, మా మేనమామ లేచాడు. దినాలు కాలేదు, అప్పుడే లెక్కలకు వచ్చినావా, సావింట్లో బాకీలు అడిగేదానికి సిగ్గులేదా అని అరిచాడు. ఆ గుమాస్తా ఏదో చెప్పబోయాడు. మామ చెయ్యి ఎత్తాడు. గుమాస్తా చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్లిపోయాడు. అమ్మ తలుపు వెనక ఉంది. మాకు ఎవరూ లేరనుకున్న రోజుల్లో మామ అలా నిలబడటం నాకు కొండంత ధైర్యం ఇచ్చింది. చావింట్లో లెక్కలు ఎత్తకూడదు అన్నది ఆ రోజు నేర్చుకున్న పాఠం. ముప్పై ఆరేళ్లు దాన్ని వదల్లేదు.

ఆరో నియమం రాసిన మరుసటి ఏడాది ఆఫీసులో ఒక అమ్మాయి చేరింది. పాకాల నుంచి రోజూ తెల్లవారుజామున రైలెక్కి వచ్చేది. పేరు ఎందుకులే, మేమంతా పాకాల అమ్మాయి అనేవాళ్లం, ఆమె కూడా పలికేది. మాలో చాలామందిలాగే ఆమెదీ తాత్కాలిక ఉద్యోగం. రెండు సీజన్లు చేస్తే పర్మినెంటు చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. ఆ మాట నమ్మి ఆమె సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో వచ్చిన ఉద్యోగాన్ని వద్దనుకుంది. ఇక్కడ పర్మినెంటు కాకపోతే ఆమెకు అదీ లేదు, ఇదీ లేదు. ఇంట్లో తమ్ముడి చదువు ఆమె జీతం మీదే నడుస్తోందని ఒకసారి టీ తాగుతూ చెప్పింది, బాధగా కాదు, మామూలుగా.

బస్సు డ్రైవరు రిటర్ను ఆ ఏడాది ఆమె చేసింది. గోడ మీద ఆరో నియమం చూసి టిక్కు అలాగే ఉంచింది. అప్పటికి నేను రివ్యూలో ఉన్నాను, సరిచూసి సంతకం పెట్టింది నేను.

ఈ ఏడాది ఫిబ్రవరిలో అదే రిటర్ను మళ్లీ ఆమె చేతికి వచ్చింది. ఈసారి ఆమె నన్ను అడక్కుండా ఆ ప్రశ్న పంపేసింది. పంపిన నాలుగో రోజు నాకు తెలిసింది. నేను మండిపడ్డాను. గోడ మీద కాగితం కనపడలేదా అన్నాను. కనపడింది సార్ అంది. చావింటికి పోయి లెక్కలు అడుగుతామా అని అడిగాను. ఆమె తల వంచుకోలేదు, ఎదురు తిరగనూ లేదు.

"మూడేండ్లుగా ఆ టిక్కు అట్లనే ఉండాది సార్. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆయప్పకు అడగందే ఎట్లా తెలుస్తాది?"

సామెత బాగుంది గానీ సందర్భం కాదన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మార్చి మొదటివారంలో జవాబు వచ్చింది. అడిగింది ఒక నెల పేరు. ఆయన ఒక పేజీ రాశాడు. నేను పేజీ అంతా చదవలేదు. నాకు కావలసింది నెల, అది రెండో వాక్యంలోనే దొరికింది. పిల్లలు లేరు. అక్టోబరు నుంచి ఆయన ఒక్కరే.

అంటే భార్య పోయిన ఏడాదిలో మూడు నెలలు, తర్వాతి ఏడాది మొత్తం, నిరుడు మొత్తం ఆయన ఇద్దరి హద్దు మేరకు కట్టుకుంటూ వచ్చాడు. నిరుటిది పెద్ద ఇబ్బంది కాదు. ఏప్రిల్ పదిహేనులోపల, దాని మీద వచ్చిన రాబడితో సహా, ఖాతాలోంచి వెనక్కి తీసేసుకుంటే దండగ ఉండదు. వెనకటి రెండేళ్లకు ఆ వీలు దాటిపోయింది. ఆ రిటర్నులు దిద్ది మళ్లీ దాఖలు చేయాలి, ఎక్కువైనదాన్ని ఆదాయంలో కలపాలి, ఏటికి ఆరు చొప్పున దండగ కట్టాలి. ఆయన ఇకముందు తక్కువ కడితే, ఆ ఖాళీలో పాతది సర్దుకుంటూ రావచ్చు. పాకాల అమ్మాయి ఇదంతా ఒక కాగితం మీద వరసగా వేసి నా ముందు పెట్టింది. ఒక్క తప్పు లేదు. వెతికాను, తప్పు దొరికితే బాగుండునని కూడా అనుకున్నాను.

అమెరికా ఆఫీసు నుంచి శుక్రవారం పొద్దున మెయిలు వచ్చింది. ఇది ఎవరి పొరపాటు, ఎలా జరిగింది, సోమవారంలోపల రాసి పంపండి అని. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మంచివాడే, గట్టిగా మాట్లాడడు. తడిగుడ్డతో గొంతు కోసే రకమని అంతకుముందు నాకు తెలియదు.

"రివ్యూలోనే తప్పు జరిగిందంటే వాళ్లు మనకు పనే ఇయ్యరు సార్. కొత్తపిల్ల సూసుకోలేదని రాస్తాం. ఆయమ్మిది ఎట్లా టెంపరరీనే కదా."

మొదటి ఏడాది రిటర్ను నేనే చేశాను కదా అన్నాను. అది మూడు నెలల తేడా, చిన్నది, దాన్నీ ఇందులోనే కలిపేద్దాం అన్నాడు. మరి ఆ అమ్మాయి పర్మినెంటు సంగతి ఏమిటంటే, ఈ మెయిలు పోయాక ఇంకెక్కడిది సార్ అని నవ్వాడు. మెయిలు నన్నే రాయమన్నాడు.

బయటికి వచ్చి కూర్చున్నాను. భయమేసింది. నలభై ఏడేళ్లు. ఇంటి అప్పు ఇంకా తొమ్మిదేళ్లుంది. ఈ వయసులో అమెరికా పన్ను తెలిసినవాడికి తిరుపతిలో ఇంకో ఆఫీసు దొరకడం కష్టం. పాకాల అమ్మాయి ఎదుటి బల్ల దగ్గర వేరే రిటర్ను చేసుకుంటోంది. మధ్యాహ్నం రైలు టైముకు లేచి, సార్ వస్తాను అని రోజూలాగే చెప్పి వెళ్లింది. తన మీదికి ఏం రాబోతోందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు, తెలిసీ సరేమ్మా అన్నాను.

ఆదివారం అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతోంది. ఆ ఏటికి అవే ఆఖరి కాయలు. నేనూ పక్కన కూర్చుని పితకడం మొదలుపెట్టాను. అమ్మకు నా ఉద్యోగం సంగతులు చెప్పే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఎందుకో చెప్పాను. పొదుపు ఖాతా అదీ వివరించలేదు. భార్య పోయిన మనిషిని అడగాల్సిన మాట నేను అడగలేదు, దానివల్ల ఆయనకు నష్టం వచ్చింది, ఇప్పుడు అడిగిన పిల్ల ఉద్యోగం పోయేలా ఉంది అని మాత్రం చెప్పాను. ఎందుకు అడగలేదంటే అంటూ మామ సంగతి ఎత్తాను. ఆ రోజు మామ ఆ గుమాస్తాను వాకిట్లోంచే తరిమాడే, అలాంటి చోట పెరిగినవాణ్ని, నాకు నోరెలా వస్తుంది అన్నాను.

అమ్మ చేతులు ఆగాయి.

"ఆయప్ప బాకీ అడిగేదానికి రాలేదురా," అంది. "మీ నాయన పేరు మీద ఫ్యాక్టరీ వాళ్లు దుడ్డు ఇయ్యాల్సి ఉండింది. నా యేలిముద్ర కావాలని కాయితం తెచ్చినాడు. నెలలోపల పంపాలంట."

ఇది నీకెలా తెలుసు అని అడిగాను. రెండేళ్ల తర్వాత చిత్తూరు బస్టాండులో ఆ గుమాస్తా కనపడ్డాడట. ఆయనే దగ్గరికి వచ్చి చెప్పాడట, మళ్లీ రావాలంటే భయపడ్డానమ్మా, గడువు దాటిపోయింది అని. అమ్మ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయి, రెండు బస్సులు పోగొట్టుకుని ఇంటికొచ్చిందట. అప్పటికి నేను చదువు మానేసే మాట ఇంట్లో నడుస్తోంది. మామ తన గొడ్డును అమ్మి నా ఫీజు కట్టాడు.

నాకు ఎందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు అడిగితే కదా. మీ మామ మనల్ని సాకినాడు, ఆయప్పను తక్కువ చేసి చెప్పేదెట్లా?" కాసేపు గింజలు పితికి, మళ్లీ తనే అంది. "ఆ పొద్దు నేను తలుపు ఎనకాలనే ఉండినా. నన్ను అడిగుంటే వచ్చి యేలిముద్ర ఏసుండేదాన్ని. నన్ను ఎవురూ అడగలా."

ఆమె గొంతులో కోపం లేదు. అంత పాత సంగతి. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. ముప్పై ఆరేళ్లు నేను మర్యాద అనుకుని మోసింది మా అమ్మను అడగకుండా చేసిన ఒక పొరపాటు. మామ మీద ప్రేమ తగ్గలేదు. ఆయన మంచి మనసుతోనే ఆ పని చేశాడు, నేనూ మంచి మనసుతోనే ఆ ప్రశ్న చెరిపాను. ఇద్దరి మంచితనానికీ దండగ కట్టింది వేరేవాళ్లు.

సోమవారం ఆరింటికే ఆఫీసుకు వెళ్లాను. టిఫిన్ సెంటరులో ఇంకా పెనం వేడెక్కలేదు. మెయిలు నాలుగు వాక్యాలు రాశాను. మొదటి ఏడాది ఆ ప్రశ్న టైపు చేసి చెరిపింది నేను. అలాంటి ప్రశ్నలు అడగొద్దని అందరికీ నియమం పెట్టింది నేను. నిరుడు ఆ అమ్మాయి నా నియమాన్ని పాటించింది, దాన్ని సరేనన్నది నేను. ఈ ఏడాది ఆమె నా మాట మీరి అడిగినందువల్లే తప్పు బయటపడింది. మేనేజరుకు ఒక కాపీ పెట్టి, చదువుకుంటే చెరుపుతానేమోనని చదువుకోకుండా పంపేశాను. తర్వాత కుర్చీ ఎక్కి గోడ మీది కాగితం పీకేశాను. తొడుగు గట్టిగా అంటుకుని ఉండి, సున్నం పెచ్చుతో సహా వచ్చింది.

మేనేజరు ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. అమెరికా ఆఫీసు వాళ్లు పని ఆపలేదు. చావు ఉన్న రిటర్నులన్నీ మళ్లీ చూడమన్నారు, చూస్తే ఇంకో రెండింట్లో ఇదే తప్పు దొరికింది. తమ పనికి సంబంధించి రివ్యూలో నేను ఉండకూడదని కూడా రాశారు. న్యాయమే. నన్ను తిరిగి రిటర్నులు చేసే బల్ల దగ్గరికి పంపారు, జీతం కొంత తగ్గింది. ప్రశ్న పంపిన ఆ ఉద్యోగినిని వదులుకోవద్దని అదే మెయిలులో ఒక వాక్యం ఉంది. పాకాల అమ్మాయికి ఏప్రిల్ మొదట్లో పర్మినెంటు కాగితం ఇచ్చారు. వాళ్ల పని రివ్యూ కూడా ఆమెకే అప్పజెప్పారు. నా రిటర్నులు ఇప్పుడు ఆమే సరిచూస్తుంది.

బస్సు డ్రైవరు ఖాతాలోంచి నిరుటిది వెనక్కి తీసే ఫారం నింపే పని నాకే వచ్చింది. గడువుకు వారం ఉంది. ఎంత తీయాలో వేశాను. ఆ పక్కన కారణం అన్న చోట నాలుగైదు గడులు, ఒకదాని ఎదుట "ఎక్కువైన మొత్తం" అని ఉంది. టిక్కు పెట్టేముందు ఎందుకో ఆయన రాసిన పేజీ తెరిచి, ఈసారి మొదటినుంచి చదివాను. జీతంలో ఆ కోత తగ్గించాలంటే తను పనిచేసే చోట చెప్పాలట, చెబితే ఎందుకు అని అడుగుతారట, ఆ మాట నోటితో చెప్పలేక అలాగే పోనిచ్చాడట. ఎవరైనా తమంతట తామే అడుగుతారేమో, అప్పుడు చెబుదామని అనుకున్నాడట. ఆ పేజీలో ఆమె పోయిన రోజు వాన పడుతోందని కూడా ఉంది.

ఎక్కువైన మొత్తం అన్న గడిలో టిక్కు పెట్టాను. ప్రింటు తీసి పాకాల అమ్మాయి బల్ల మీద పెట్టాను. ఆమె అంకెలన్నీ వేలితో చూసుకుంటూ వెళ్లింది, కింద సంతకం పెట్టింది. అప్పటికి మా అమ్మ చెప్పిన సంగతి ఆమెకు చెప్పి ఉన్నాను, ముక్తసరిగా. ఆమె కాగితం నా చేతికి ఇవ్వబోయి ఆగింది.

"సార్, మీ నాయన యా నెలలో పోయినాడు?"

ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. కాయలు దిగే కాలం, జూన్ అన్నాను. అంతటితో ఆపుదామనుకున్నాను, ఆగలేదు. ఫ్యాక్టరీ ముందర కాయల ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉండేవని, తూకం దగ్గర నాయన లేక ఆ పొద్దు అవి మధ్యాహ్నందాకా కదల్లేదని, సంగతి ఇంకా తెలియని నేను ఒక ట్రాక్టరు నీడలో కూర్చుని ఆయన కోసం చూస్తూ ఉన్నానని చెప్పాను. ఆమె కుర్చీ ఇటు తిప్పుకుని వింటూ కూర్చుంది.